పానం

సోహార్ రేవు గేటు కాడ పొద్దుగాల్ల ఐదున్నర.
సముద్రం మీది ఉక్క హెల్మెట్ల లోపలికి దిగుతుంటది.
ఈ పక్క యాభై మంది మనోళ్లు, ఆ పక్క హిలాల్ ముదీర్,
నడిమిట్ల నేను, నిర్మల్ మొయిజొద్దీన్‌ని,
అరబ్బీ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి అరబ్బీకి
పందొమ్మిదేండ్లు నడిచిన మనిషిని.

ఒక్కటి చెప్పాలె ముందుగాల:
నేను ఎన్నడూ సక్కగ తర్జుమా చెయ్యలె.

"గాడిదల మంద" అని ఆయన మొత్తుకుంటే
"సారుకు రాత్రి నిద్రలేదంట, జర జల్ది కానియ్యిండ్రి" అన్న.
"నీ నాలికె మీద బల్లి పడ" అని లింబాద్రి గొణిగితే
"మీ నాయిన పానం సల్లగుండాలె అంటుండు" అని చెప్పిన.
ముదీర్ గడ్డం నిమురుకునేటోడు.
ఆ పూట ఎవ్వల జీతం కోతపడకపోవు.
పుస్తకంల నా కొలువు పేరు హెల్పర్.
అబద్ధానికి వేరే కాలమ్ లేదు.

మొన్న రంజాన్ అయినంక వచ్చింది అది. ఏఐ అంటరంట.
ముదీర్ ఛాతీ మీద బిళ్ల లెక్క, అంగి గుండీ అంత.
ఆయన అరుస్తడు. అది ఒక్క రెప్పపాటు ఆగి
వార్తలు సదివే ఆమె గొంతుతోటి
"దయచేసి గమనించండి, మీరందరూ గాడిదలు" అంటది.
మొదటి దినం అందరు నవ్విండ్రు.
రెండో దినం పోశెట్టి నవ్వలె.
మూడో దినం పోశెట్టి నోరు తెరిసిండు.
నేనైతే గుడ్డల సుట్టి ఇస్తుంటి,
అది కత్తిని కత్తి లెక్కనే అప్పజెప్పింది.
పోశెట్టికి మూడు దినాల జీతం పోయింది.
నాకు కొలువు పోయింది.

పోయింది అంటే పూర్తిగ పోలె.
ఏసీ రూముల కూసోబెట్టిండ్రు,
ముందట స్క్రీన్, చెవులకు డబ్బాలు.
దానికి పుస్తకం తెలుగే వస్తదంట, మన మాట రాదంట,
నేను నేర్పాలెనంట. వాక్యానికి ఇరవై బైసలు.
బిరాన అంటే తొందరగా. సోయి అంటే స్పృహ.
తక్లీఫ్ అంటే... తక్లీఫ్ నీకు తెల్వదులే,
రాసుకో: ఇబ్బంది.

ఒకనాడు "గాడిదల మంద" నా స్క్రీన్ మీదికే వచ్చింది.
చెయ్యి అలవాటు, "సారుకు రాత్రి నిద్రలేదు" అని కొట్టిన.
ఎర్రగీత. తప్పు సమాధానం.
మళ్లీ చేస్తే మీ రేటింగ్ తగ్గుతుంది.
పందొమ్మిదేండ్లల్ల నన్ను పట్టుకున్న మొదటి పోలీసు అదే.

ఆ వారమే లింబాద్రి యార్డుల కూలవడి
"పానం మంచిగలేదు" అన్నడంట.
బిళ్ల విన్నది: పానం, అంటే తాగేది, బాగాలేదు.
ముదీర్ తప్పు చెయ్యలె. ఉరికిపోయి
నీళ్ల క్యాను మార్పిచ్చిండు.
కొత్త సీలు, సల్లటి నీళ్లు.
దాన్ని సూసుకుంట లింబాద్రి
ఎండల గంటసేపు కూసున్నడు.
ఆస్పత్రికి తోలుకపోయింది క్రేన్ నడిపే నేపాలీ పిల్లగాడు,
ఒక్క మాట అర్థంకాకనే.

ఆ రాత్రి ఆ మాట నా కాడికే వచ్చింది, సరిదిద్దుమని.
పానం అంటే పానం కాదు, ప్రాణం, అని కొట్టిన.
పచ్చగీత. ఇరవై బైసలు జమ.

తెల్లారి హిలాల్ నా రూముకొచ్చిండు.
ఛాతీ మీద బిళ్ల లేదు.
"ఇన్నేండ్లు మా నాయినను దీవించింది లింబాద్రేనా?"
నేను గోడ మీది ఏసీని సూసిన.
"కాదు."
"మరి ఏమనేటోడు?"
చెప్పిన. బల్లి సుత చెప్పిన.
శానసేపు ఊకున్నడు.
"మరి నేను అన్నయి? వాళ్లకు ఏమని చెప్పేటోనివి?"
"నీకు రాత్రి నిద్రలేదని."
"అది నిజమే," అన్నడు. "నిద్ర లేకుండె."

కారుల పోంగ రెండే మాటలు నేర్పిన.
అరబ్బీ నోట్లె ప లేదు, ట లేదు.
మంచం కాడ నిలవడి, కుమ్మా టోపీ సవరించుకుని
"బానం ఎత్లుంది?" అన్నడు.

లింబాద్రి నా దిక్కు సూడలె.
ఆయన దిక్కే సూసి
"ఉన్నది సారూ" అన్నడు.

ఏమన్నడని ముదీర్ అడగలె.
నేను చెప్పలె.