ఉదయగిరిలో ఆర్డరు కాగితం

బెంగుళూరు నుంచి ఆర్డరు కాగితం వచ్చింది.
రెండొందల గరిటెలు, నలభై దువ్వెనలు,
అడుగున ఇంగ్లీషులో ఏడు లైన్లు.
డిగ్రీ తప్పినా డిగ్రీయే కదా,
చదవమని నన్ను పిలిచారు.

మొదటి మాట కట్.
"అది మాకు చెప్పేదేముంది" అంది పెంచలమ్మ.
"కరెంటు కట్, రేషను కట్,
నేనెత్తితే మా ఆయన ఫోను కట్."
నవ్వుకి ఒళ్ళో పొట్టు లేచింది.

తర్వాత ట్రిమ్.
కత్తిరించడం, అన్నా.
"కొయ్యని కత్తిరిస్తారా యాడన్నా?" అంది జులేఖాబీ.
నిజమే.
కత్తిరించేది గుడ్డని.
ఎర్రగడ్డలు తరుగుతాం, తుమ్మకంప నరుకుతాం,
తమలపాకు తొడిమ తుంచుతాం,
వరి కోస్తాం,
పొట్టేలునీ కోస్తాం, అదే మాటతో,
ఎవురికీ తప్పనిపించదు.

జులేఖాబీ మాటతో చెప్పలేదు.
నర్ది కొయ్య గరిటె ఒడిలో పెట్టుకుని
కాడ అంచున ఆకురాయి
రెండుసార్లు పోనిచ్చింది.
"ఇదే గదా వాళ్ళడిగేది?"
ఏం పోయిందో చూద్దామని వంగితే
చీరమీద పిండి కూడా లేదు.
ట్రిమ్ ఎదురుగా
ఏం రాయాలో తెలీక ఖాళీ వదిలా.

షేవ్ దగ్గర మళ్ళీ నవ్వులు,
గరిటెకి గడ్డమేందని.
నాకు మాత్రం మా నాయన గుర్తొచ్చాడు,
తలుపు చెక్క మీద వంగి,
చెవి వెనక పెన్సిలుతో.
చిత్రిక పట్టడం, అన్నా గట్టిగా.
ఆయన వడ్రంగం మానేసినాక
ఆ మాట నా నోటికి రావడం ఇదే.

చివరి లైను దువ్వెనల గురించి:
పళ్ళు సమానంగా కట్ చెయ్యవలెను.
అప్పటిదాకా రంపం ఆపని ఖాదర్బీ,
నోట్లో రెండే పళ్ళున్న ఖాదర్బీ,
తలెత్తింది.
"పళ్ళెవురు కోస్తారమ్మా?
మనం కోసేది సందులు.
పళ్ళు అయ్యే మిగుల్తయ్యి."

బదులు రాసే పనీ నాదే.
ఆ ముక్క ఇంగ్లీషులో పెట్టబోయి
ఒకసారి రాసి కొట్టేశా,
ఇంకోసారి రాసి కొట్టేశా.
చివరికి ఓకే అని పంపా.

దువ్వెనకి ఎంతిస్తారో
అడగడం మర్చిపోయా.
పొద్దుగూకిందాకా తిడతానే ఉంది పెంచలమ్మ.