చిన్న గిలాసలు

శనివారం పొద్దుగాల అరవై కుర్చీలు
గుండ్రంగ ఏయమన్నరు.
గుండ్రంగ ఏస్తే ఎన్క వరస అన్నదే ఉండదంట.
ఎన్క వరస లేకుంటే నేనేడ నిలవడాలె?
చాయ్ డ్రమ్ము పక్కన నిలవడ్డ.

లాలాగూడ రైల్వే క్వార్టర్ల నడుమ మా చర్చి.
గేటు తాళం, గంట తాడు, కానుకల సంచి
ఇరవై రెండేండ్ల సంది నా చేతులల్లనే.

బెంగళూరు నుంచి ప్రిసిల్లా అని ఒక మేడం వచ్చింది.
రంగు, కులం, భాష,
ఎవలు ఎవలను ఏ కంటితోని సూస్తున్నరు,
గిదీ ఆ పూట పాఠం.
సెక్రటరీ సుందరరాజ్ సారు లేచి
"క్రీస్తులో మాకు అవన్నీ లేవండీ" అన్నడు.
పోయిన వారమే సారు నా చేతికి
నోటీసు బోర్డుకు గుచ్చమని ఒక కాయితమిచ్చిండు.
పిల్ల ఎమ్మెస్సీ, చామనచాయ,
మాల క్రైస్తవ వరుడే కావలెను.
ఆ "వరుడే"ల ఉన్న దీర్ఘం మీదనే
నా గుండుసూది దిగింది.
మాదిగోల్ల బిడ్డనైన నేను
వంకర లేకుంట గుచ్చిన.

మేడం గచ్చు మీద సుద్దముక్కతోని గీత గీసింది.
"కిరాయికి ఇల్లడిగితే, మిమ్మల్ని చూడంగానే
గది ఖాళీ లేదన్నారా? ఒక అడుగు వెనక్కి."
జోయెల్ ఎన్కకు పోయిండు.
కాంగో పిలగాడు, ఉస్మానియాల చదువుతడు,
తార్నాకల రెండేండ్లకు నాలుగిండ్లు మారిండు.
"బస్సులో మీ పక్క సీటు ఖాళీగా ఉంటుందా?"
జోయెల్ ఎన్కకు.
"మీ ఒంటి రంగు చూసి పిల్లలు పరుగెత్తారా?
పెద్దలు ఫోను తీసి ఫొటో కొట్టారా?"
ఎన్కకు, ఇంకా ఎన్కకు,
ఆఖరికి వీపు వచ్చి నా చాయ్ డ్రమ్ముకు ఆనింది.
"కాలుతుంది, జర పైలం" అన్న.
"అలవాటే అంకుల్" అన్నడు తెలుగుల.

నన్ను గీత మీదికి ఎవలు పిలువలే.
పిలిస్తే ఎన్ని అడుగులు పడుతుండెనో
నిలవడ్డకాడనే లెక్కవెట్టుకున్న.
గోడ అడ్డమొచ్చింది.

ఎవలు అడగని సంగతి ఒకటి నాకెర్క.
నిరుడు మట్టలాదివారం దాక
ప్రభువు బల్లకు మాకు ఒక్కటే గిన్నె,
వెండి పూతది, అంచుకు సొట్ట.
జోయెల్ మొదటిసారి మోకాళ్లూని తాగిన వారం
ఎన్క ఉన్న నలుగురికి ఒకేసారి దగ్గొచ్చింది.
మళ్ల నెలకు చిన్న గిలాసలొచ్చినయి,
నూట నలభై.
శుభ్రత కొరకు అని కమిటీ పుస్తకంల రాసిండ్రు.
ఆ శుభ్రతను కడిగేది నేను,
ఒక్కొక్కటి, ఏలు పట్టనంత మూతి.

నేనేదో మంచోన్నని చెప్తలేను.
ఆ పిలగాడు మొదటి ఆదివారం లోపలికొస్తుంటే
కానుకల సంచి తాడును
మణికట్టుకు రెండు సుట్లు సుట్టుకున్న.
సూసిండు. నవ్విండు.
ఆ నవ్వు నాకు ఎర్కే.
సర్టిఫికెట్ కోసం తహసీల్ ఆఫీసుకు పోయి
కుర్చీ ఖాళీగున్నా నిలవడి
నేను నవ్వే నవ్వు గదే.

పొద్దుగూకినంక మేడం ఆటో ఎక్కింది.
సుద్ద గీత తడిబట్టతోని తుడిసిన,
సగమే పోయింది.
మా సంఘానికిచ్చిన సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించిండ్రు.
మేకు కొట్టమంటే
నోటీసు బోర్డు పక్కనే కొట్టిన.
ఇంక జాగ లేదు.

రాత్రి అల్మారి తెరిసి
పాత పేపర్ల చుట్టిన గిన్నెను తీసిన.
పండ్లపొడితోని రుద్దిన.
సొట్టల నా మొఖం
పెద్దగా, వంకరగా, నల్లగా కనవడ్డది.

ఆదివారం గిలాసల పళ్లెం పక్కన
గిన్నెను కూడ పెట్టిన.
ఎవలు చెప్పలే నాకు.
పాస్టరు దయానందం గారు గిన్నెను సూసిండు,
తర్వాత నన్ను సూసిండు.
మూడో వరసల జోయెల్, అతని పక్కన ఖాళీ.
పళ్లెం దిక్కు పోయిన పాస్టరు చెయ్యి
నడుమనే ఆగింది.

గంట కొట్టుడు ఎప్పుడో అయ్యింది.
తాడు మాత్రం
నా ఎనుక ఊగుతనే ఉన్నది.