సద్దు చచ్చే దిక్కు

గుణుపురంలో నా కొట్టు బల్లమీద
దండాసి రేడియో పెట్టాడు.
"పాడైపోనాది. టిక్కు టిక్కుమంటంది.
ధరలు సెప్పేవోడి గొంతుమీద ఎవుడో గోరుతో గీకతన్నాడు."

విప్పి చూశాను. రేడియో బాగానే ఉంది.
పాడైంది గాలి.

సాయంత్రం నాదాంట్లోనూ అదే.
సెకనుకొక్కటి, ఒక్కిసరు ఎక్కువ,
తప్పిపోని టిక్కు.
వారం తిరిగేసరికి బజారంతా గుసగుస:
కొండమీదోళ్లదంట,
కాదు, వాళ్లని పట్టడానికొచ్చినోళ్లదంట.
ఈ జిల్లాలో తెలియని శబ్దానికి
రెండే పేర్లు పెడతారు.

నాకు మూడోది కావాలి.

మూడొందల రేడియో. లోపల నల్లటి కడ్డీ,
దానికి చుట్టిన వెంట్రుకంత రాగితీగ.
కడ్డీ అడ్డంగా ఉంటే సద్దు నిండుగా వస్తుంది,
నిండుగా వచ్చేది ఏ దిక్కూ చెప్పదు.
తిరగలి తిప్పినంత నిదానంగా తిప్పుతూ పోతే
ఒకచోట టిక్కు గొంతులోనే నలిగిపోతుంది.
అప్పుడు కడ్డీ మొన ఎటు చూస్తోందో
అటే ఉన్నాడు వాడు.
లేదా సరిగ్గా వెనక.
అబద్ధమాడదు కడ్డీ,
నిజం మాత్రం సగమే చెబుతుంది.

మొదటి గీత స్టేషన్లో ప్లాట్‌ఫాం చివర నుంచి.
రెండోది వంశధార ఇసకలో నిలబడి.
మూడోది గుడారి రోడ్డు కల్వర్టు మీద గీస్తుంటే
జీపు ఆగింది.
"తుమె కాహా లోకొ?"
ఎవరి మనిషివంటే ఏం చెప్పను?
"ధరలు వినపడ్డం లేదు సార్" అన్నాను తెలుగులోనే.
రేడియో లాక్కున్నాడు.
తిప్పమన్నాను. తిప్పాడు.
టిక్కు చచ్చిన చోట ఆగి
కొండకేసి చూశాడు చాలాసేపు.
ఏమీ అనకుండా తిరిగిచ్చాడు.

పాత పంచాయతీ పటంమీద మూడు పెన్సిలు గీతలూ
ఒక చుక్కలో కలవలేదు.
కలిసుంటే అనుమానించేవాణ్ణి.
మధ్యలో ముక్కోణం మిగిలింది,
నా చెయ్యి వణికినంత.

వెలుగు రాకముందే దండాసీ నేనూ అందులోకి నడిచాం.
లోపలికెళ్లేకొద్దీ రేడియోకి మతిపోయింది.
ఎటు తిప్పినా టిక్కే, కిందకి దించినా టిక్కే.
దగ్గరయ్యాక దానికి కాస్త చెవుడు తెప్పించాలి.
దండాసి చద్దన్నం తినేసిన స్టీలుగిన్నె కడిగి
రేడియోని అందులో పెట్టాం, మూత ఓరగా.
అప్పుడు మళ్లీ దారి చెప్పింది.

మొక్కజొన్న చేను. చుట్టూ కంచెతీగ.
అడవిపందులకి షాకు కొట్టే డబ్బా,
దాని బ్యాటరీకి పలకంత సోలారు ముక్క.
మూల రాటమీదికి గుమ్మడిపాదు పాకి
తీగని పట్టుకుంది.
పట్టుకున్నచోట
సెకనుకొక్కటి, ఒక్కిసరు ఎక్కువ,
నీలం రవ్వ.

సుక్కురి రైతా బయటికొచ్చింది, నోట్లో వేపపుల్ల.
"ఏటి ఎతుకుతన్నారు?"
ఎలా చెప్పాలి,
అమ్మా, నువ్వు నెలరోజులుగా
రెండు బ్లాకులకి వినపడుతున్నావని,
నీ చేను పేరుమీద బజార్లో
లేని యుద్ధం ఒకటి నడుస్తోందని?
రేడియో చేతికిచ్చాను.
చెవి దగ్గర పెట్టుకుంది. రవ్వకేసి చూసింది. మళ్లీ వింది.
"ఇది నా గుమ్మడిపాదేనా?"

పిందెకి పువ్వు ఇంకా రాలలేదు.
డబ్బా ఆపి వచ్చి
కొయ్యకుండా, తెంపకుండా,
జుట్టు పట్టుకున్న పసిపిల్ల వేళ్లు విప్పినట్టు
నులితీగ విప్పి పక్కకి మళ్లించింది.

ఆ సాయంత్రం ధరలు తేటగా వచ్చాయి.
చింతపండు తగ్గింది. జీడిపిక్కలు అంతంతమాత్రం.
డబ్బులడిగితే దండాసి
"నువ్వు బాగుసేసింది నా రేడియోని కాదుగదా" అని
చంకన పెట్టుకుపోయాడు.

కొట్టు తలుపులేసి
ఊరికే తిప్పాను, చేతివాటం కొద్దీ.
అడుగున ఎక్కడో సన్నటి గరగర.
పడమటికి తిప్పితే చచ్చిపోయింది.
లేదా, తూర్పుకి.

పెన్సిలు చెక్కుకుంటున్నాను.