ఎల్లుండి రా

ఆమదాలవలస రైలుగేటు పక్కన నా మిషను.
'ముఖలింగం టైలర్' అని బోర్డు రాయించాలి,
పదకొండేళ్ళ నుంచీ రాయిస్తన్నాను.

ఊరు నా పేరే మార్చీసింది,
ఎల్లుండి మేస్త్రీ అని.

అననీ.
జూన్‌లో కొలతలిచ్చిన పోస్టుమేన్ గుంటడికి
వినాయక చవితి దాకా నిక్కరు కుట్టకపోబట్టే కదా,
మళ్ళీ టేపు పెడితే రెండంగుళాలు ఎదిగున్నాడు!
బేగి కుట్టీసుంటే అది వాడి తమ్ముడి పాలే.

అందరికీ ఇలాగే కలిసొస్తాదని అనను.
దుప్పలోళ్ళ పెళ్ళికొడుకు
కాజాల్లేని చొక్కాకి పిన్నీసులు పెట్టుకుని
పీటల మీద కూచున్నాడు.
ఇప్పటికీ గేటు పడినా నా వేపు చూడడు.

కిందటేడు వానల్లో గౌరమ్మ ఒక మూట తెచ్చింది.
ఆయన పేంట్లు మూడు, చొక్కాలు నాలుగు.
"మనిషే లేనప్పుడు గుడ్డలెందుకు?
కోసీసి బజారు సంచులు కుట్టీ బావూ."
ఎల్లుండి రా అమ్మా, అన్నాను.

వచ్చింది. ఎల్లుండి, అన్నాను.
నాగావళి నిండింది, తీసింది.
నాలుగో నెల్లో వచ్చి
గుమ్మంలోనే ఆగిపోయి, కత్తెర కేసి చూస్తా,
"కోసీసినావేటి?"

బల్లకింద నుంచి మూట లాగినాను.
ముడి కూడా ఆవిడ వేసిందే.
విప్పి, నీలం చొక్కా మొహానికి ఆనించుకుని
ఉండిపోయింది,
గూడ్సుబండి ఆఖరి పెట్టె దాటేదాకా.

కూలెంత, అనడిగింది.
ఎల్లుండి చెప్తానన్నాను.