కొసరు

బేరమాడనీకి నన్ను తోల్కపోయిండ్రు.
లేకపోతే కేకు దుకాన్ల నాకేం పని?
ఇరవై రెండేండ్ల సంది కాజీపేట చౌరస్త కాడ
టమాట, పచ్చిమిరప, కొత్తిమీర కట్టలు అమ్ముత.
తక్కెడ ముల్లు యాడ ఆగుతదో
కండ్లు మూస్కొని చెప్త.

మా అక్క బిడ్డ కెజియ పెండ్లి,
వచ్చే బేస్తారం, రైల్వే క్వార్టర్ల పక్క చర్చిల.
పోరి మందుల షాపుల గోలీలు కత్తిరిస్తది,
పోరడు లోకో షెడ్డుల కాంట్రాక్టు వెల్డరు.

హన్మకొండ దుకాన్ల ఏసీ.
చెప్పులు బయట ఇడువాల్నా అంటే
కౌంటరు పోరగాడు నవ్విండు.
'కిలో ఎంత బిడ్డా?'
'తొమ్మిదొందలు. పైన చక్కెర చీర కట్టేదైతే పద్దెనిమిది వందలు.'
'మూడంతస్తులకు?'
'ఎనిమిది కిలోలు అయితది.'
పద్నాలుగు వేల నాలుగొందలు అన్న.
వాని కాలిక్యులేటరు నాకన్న ఎనుక వచ్చింది.

కెజియ చున్ని కొస వేలికి చుట్టుకుంట
అద్దం లోపటికి చూస్తనే ఉన్నది.

'జర దిగు బిడ్డా.'
'ఇవి కూరగాయలు కాదమ్మా.'
'అవు, కూరగాయలైతే పొద్దుగూకంగనే దిగుతయి.'

అప్పుడు లోపటి నుంచి సేటు వచ్చిండు, అజ్మతుల్ల.
గొంతు తగ్గించిండు, రోగం పేరు చెప్పే డాక్టరు లెక్క:
'ఒక ఉపాయమున్నది.
కింది రెండంతస్తులు థర్మాకోలు. మీద క్రీము పూస్తం.
పైదొక్కటే అసలు కేకు.
కత్తి యాడ దిగాల్నో అక్కడ చక్కెర పువ్వు పెడ్త, గుర్తుకు.
ఫోటోల ఎవ్వలు పట్టరు. కిరాయి పన్నెండొందలు.'

తెచ్చి నా చేతుల పెట్టిండు.
ఉల్లిగడ్డ పొట్టుకు గూడ ఇంతకన్న బరువుంటది.

తిరగేసిన. అలవాటు.
వంకాయనైనా అడుగు చూడకుంట కొనను.
అడుగున పెన్సిలు రాతలు,
తారీకులు, ఇండ్ల పేర్లు, ఒకదాని కింద ఒకటి.
కెజియ సదివింది. పదకొండు పెండ్లిండ్లు.
ఏడోది, క్వారీ జోజిరెడ్డి సారు ఇల్లు.

ఆ పెండ్లికి కొత్తిమీర నేనే ఏసిన.
గంపలు దించి, వంటల పందిరి పక్కపొంటి తొంగి చూసి
గంత పెద్దది ఎవరు తింటరో అనుకున్న.

ఎవ్వలు తినలే.

నవ్వు ఆగలే నాకు. కెజియకు గూడ.
సేటు పెన్సిలు తీసి జేబుల పెట్టుకున్నడు.

నవ్వి నవ్వి కండ్లు తుడుసుకొని పిల్ల అన్నది:
'చిన్నమ్మా, నూట అరవై మంది వస్తరు.
తలా ఒక ముక్క రావాలె.
ఒక్కంతస్తే కానీ, అడుగు దాక కేకే ఉండాలె.'

ఇగ నా పని మొదలయ్యింది.
చక్కెర చీరలొద్దు. ఉత్త కేకు, మీద సన్నగ క్రీము. ఆరు కిలోలు.
గుడ్లు మేమే తెస్తమన్న.
ఆయన ఐదొందల కాడ నిలబడ్డడు, నేను నాలుగొందల కాడ.
నడుమల రెండు సార్లు గుమ్మం దాటిన,
రెండోసారి మెట్టు దిగేదాక పిలువలే, గట్టోడు.
నాలుగొందల యాభైకి తెగింది.

'కొసరేమిస్తవ్ సేటూ?'
'కేకుకు కొసరేందమ్మా?'
'తూకమైనంక చేతిల పడేది.
నేను రెండు రెమ్మల కరివేపాకేస్త. నీ ఇష్టం.'

కొంచెం సేపు మమ్ముల చూసిండు.
డబ్బ తెరిచి చక్కెర పువ్వు తీసిండు,
తెల్లది, నడుమ పసుపు సుక్క.
'గుర్తుకు కాదు' అన్నడు,
'మీ కేకుల కత్తి యాడ పెట్టినా దిగుతది.
నచ్చిన కాడ పెట్టుకోండ్రి.'

బేస్తారం పొద్దుగాల
ఫాతిమ బ్రిడ్జి మీద ఆటో ఎగిరింది.
ఊపిరి బిగబట్టి అట్టపెట్టెను కావలిచ్చుకున్న.
తక్కెడ లేదు, రాళ్లు లేవు,
నా తొడల మీద బరువు తెలుస్తనే ఉన్నది.
ఆరు కిలోలకు
జరంత మీదనే.