చిటికెడు

ఆగస్టు వస్తే త్రియెస్తె ఊరంతా సముద్రంలోకి దిగిపోతుంది.
బేకరీకి తాళం, మంగలి షాపుకి తాళం,
మా మెట్ల మీద నా దగ్గు తప్ప వేరే చప్పుడు లేదు.
మూడో అంతస్తు ఫుర్లాన్ వాళ్లు
పదిహేను రోజులు ఏదో దీవికి పోతూ
నా చేతిలో ఒక తాళంచెవి, ఒక డబ్బా, ఒక చీటీ పెట్టి వెళ్లారు.

చీటీ తొమ్మిదేళ్ల తుల్లియో రాసింది:
"నీవెస్ గారూ, రోజుకి చిటికెడు.
అవి ఆకలని అడుగుతాయి. నమ్మొద్దు.
ఆదివారం ఏమీ పెట్టొద్దు."
నమ్మొద్దు కింద రెండు గీతలు.

చిటికెడట!
ముప్పై నాలుగేళ్లు ఓడల కార్ఖానా క్యాంటీన్‌లో
ఆరువందల మందికి వండినదాన్ని.
నా కొలతలు బస్తా, బానెడు, చేటంత గరిటె.
ఉప్పు దోసిలితో వేసేదాన్ని.
వెల్డింగ్ పొగలోంచి వచ్చినవాడు పళ్లెం చాపితే
ఇంకాస్త అనే మాట వాడి పెదవి దాటకముందే
పళ్లెంలో పడేది.
చిటికెడంటే ఎవరి చిటికెడు?
నా రెండు వేళ్ల మధ్య పట్టేది
ఆ పిల్లాడి పిడికెడు.

మూడు రోజులు చీటీ మాట విన్నాను.
నేను గదిలో అడుగుపెట్టగానే
పదకొండూ అద్దానికి మూతులానించి
తెరిచి, మూసి, తెరిచి, మూసి...
మధ్యాహ్నం సైరన్ మోగాక క్యాంటీన్ వరస అచ్చం ఇదే.
నల్లమచ్చది అందరినీ తోసుకొస్తుంది,
క్రేను నడిపే ఏజిదియో లాగా.
ఒకటి మాత్రం నాచు వెనకే, సిగ్గుతో, రానంటుంది.

నాలుగో రోజు చెయ్యి ఆగలేదు.
చిటికెడు, పైన ఇంకో చిటికెడు,
తుల్లియో పేరు మీద ఒకటి,
ఆ సిగ్గులదాని కోసం మూలకి గురిచూసి ఒకటి.

ఆరో రోజుకి నీళ్లు గంజిలా తెల్లబడ్డాయి.
చేపలన్నీ పైకొచ్చి గాలి మింగుతున్నాయి.
చేపల కొట్టుకి ఫోన్ చేస్తే
మోగి మోగి ఊరుకుంది. ఆగస్టు కదా.
మూడోవంతు నీళ్లు తోడి పారబోశాను.
కొత్త నీళ్లు, కుళాయి ఘాటు పోయేదాకా
రాత్రంతా బకెట్టులో నిలవుంచి
ఎవరిదో సోఫాలో, ఎవరిదో గడియారం కింద
బూట్లు విప్పకుండా కూర్చున్నాను.
తెల్లారాక గ్లాసుతో కొంచెం కొంచెంగా పోస్తుంటే
జ్వరం తగ్గిన బిడ్డకి పథ్యం పెడుతున్నట్టుంది.

పది దక్కాయి.
పోయింది సిగ్గులదే.
దాని కోసమే కదా నేను గురిచూసింది.
అగ్గిపెట్టెలో పెట్టి
నా కిటికీలోని రోజ్‌మేరీ కుండీలో పాతేశాను.

ఆదివారం.
ఉత్త చేతులతో మెట్లెక్కాను.
తొట్టె పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదివాను, పైకే:
రేవుకొచ్చిన ఓడలు, పోయినవాళ్ల పేర్లు,
రేపు ఈశాన్యపు గాలి ఉంటుందట.
అవి అడుగుతూనే ఉన్నాయి.
పెట్టకుండా కూర్చోవడం ఇంత కష్టమని
ఈ డెబ్బైరెండేళ్లలో ఎవరూ చెప్పలేదు.
ఏజిదియో రోజూ రెండోసారి వరసలోకొచ్చేవాడు.
పుల్లక్యాబేజీ సూపు నిండా పోయించుకుని
నా కౌంటరుకి ఎదురుగా కూర్చుని
సగం వదిలేసి పోయేవాడు.
వృథా చేస్తున్నాడని తిట్టుకునేదాన్ని.
ఎందుకొస్తున్నావని ఒక్కసారీ అడగలేదు.

పదిహేనో రోజు వచ్చారు,
ముక్కులు కమిలి, మెట్ల నిండా ఇసుక రాల్చుకుంటూ.
తుల్లియో సంచి దించకుండానే తొట్టె దగ్గరికి పరిగెత్తాడు.
వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.
"పది."
"అవును."
"నమ్మారా వాటిని?"
"నమ్మాను."

వాడు నన్ను తిట్టలేదు.
డబ్బా మూత తీసి, తన వేళ్లు ముంచి
ఇదిగో ఇంత, అని నాకు చూపించాడు.
కళ్లద్దాలు పెట్టుకున్నా నాకేమీ కనబడలేదు.
"కనబడిందా?" అన్నాడు.
తలూపాను.

తాళంచెవి ఇంకా నా కోటు జేబులోనే ఉంది.
వాళ్లు అడగలేదు.