నెట్ వోయింది

తాయెత్తు విప్పమన్నాను.
రాగి రేకైతే ఫరవాలేదేమో గానీ
లోపల ఏం చుట్టారో నాకు తెలీదు, అతనికీ తెలీదు.
నల్లదారం కత్తిరించనివ్వక, పళ్ళతో ముడి విప్పుకొని
నా అరచేతిలో పెట్టాడు పోచమల్లు.
"పైలం మేడం."

కువైట్, షువైఖ్. బయట నలభై తొమ్మిది డిగ్రీలు.
ఈ గదిలో మాత్రం అందరూ దుప్పటి అడుగుతారు.

ఆరేళ్ళుగా పరంజాలు కట్టే పని.
మూర్ఛ సంగతి దాచాడు.
చెబితే పై అంతస్తు ఎక్కనివ్వరు,
ఎక్కనివ్వకపోతే టికెట్ కొని పంపేస్తారు.
పడిపోయే రకం కాదు అతనిది.
నిలబడే ఉంటాడు, కళ్ళు తెరిచే ఉంటాయి,
మాట ఒక్కటీ ఉండదు.
రెండు నిమిషాలు. ఒక్కోసారి మూడు.
శుక్రవారం రాత్రి కూతురితో ఫోన్లో ఉండగా వస్తే
తేరుకున్నాక ఒకే జవాబు:
"నెట్ వోయింది బిడ్డా."
కువైట్‌లో టవర్లు సరిగ్గా ఉండవని
ఆ పిల్ల బళ్ళో కూడా చెప్పిందట.

డాక్టర్ హనాన్‌కు తెలియాల్సింది ఒక్కటే,
కోసే చోటికి మాట ఎంత దూరం?
ఎడమ కణత లోపల వేలెడంత తీసేస్తే
ఫిట్లు పోవచ్చు.
ఫిట్లతో పాటు ఇంకేం పోతుందో
ముందే చూసి చెప్పాలి మేము.

మా పరీక్ష అరబ్బీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది,
నర్సుల పుణ్యమా అని తగలోగ్‌లోనూ ఉంది.
తెలుగు నేను రాశాను, నా రాజంపేట తెలుగు.
'క'తో మొదలయ్యే మాటలు లోలోపల తలుచుకో,
పెదవి కదపకు, అన్నాను.
యంత్రం రేకులషెడ్డు మీద వడగళ్ళలా మోగింది.
బొమ్మలో పెద్దగా ఏమీ లేదు.
తర్వాత అడిగితే వేళ్ళు మడిచి చెప్పాడు:
కఫీల్, కర్జ, కంపిని, కరెంటు, కమ్మరి కిష్టయ్య.
"ఇంక యాదికి రాలే. ఐదు దాకనే సదివిన మేడం.
అక్షరం పట్టుకొని మాటల్ని దేవులాడుడు
ఎన్నడు చెయ్యలే."

అతని ఫోన్లో కూతురి వాయిస్ మెసేజీలున్నాయి.
అడిగి తీసుకున్నాను.
నల్లమేక ఈనిందనీ, రెండు పిల్లలనీ,
ఒకటి కుంటుతోందనీ, అమ్మ దానికి
పాత చీర అంచుతో కట్టు కట్టిందనీ.
ముప్పై సెకన్లు ఆ గొంతు.
ఆపైన ముప్పై సెకన్లు
అదే గొంతు, చివరి నుంచి మొదటికి.
పోల్చుకోవడానికి అర్థం లేని శబ్దం కావాలి మాకు.
ఆ సంగతి అతనికి చెప్పడం మరిచాను.

తిరగేసిన ముక్క సగంలో ఉండగానే
చేతిలోని రబ్బరు బుడ్డి పిసికాడు.
అలారం. బల్ల బయటికి లాగాను.
చెమట. ఆ చలిలో చెమట.
"అస్తంది మేడం, ఫిట్సు అస్తంది.
నా బిడ్డ మాట్లాడుతనే ఉంది, మాట లేదు.
గిట్లనే ఉంటదప్పుడు. సేమ్ గిట్లనే."

నాలుగేళ్ళుగా తిప్పుతున్నాను గొంతుల్ని.
మీట నొక్కితే తిరగబడే ఆ రొదలో
ఒక మనిషి కాపురం ఉంటాడని
ఏ శిక్షణలోనూ చెప్పలేదు నాకు.

"రాలేదయ్యా. నేనే తిప్పాను."
చాలాసేపు నా వైపే చూశాడు.
"నువ్వు తిప్పితే మల్ల సక్కగయితది గదా?"
"అవుతుంది."
"అయితే పెట్టు."

రెండోసారి కదలకుండా పడుకున్నాడు.
ఎడమ చెవి వెనక నారింజ రంగు
ఇప్పుడే ఈనిన పిల్లలా తూలుతూ లేచింది.
రంగు మేం పూసిందే.
గీత కొంచెం జరిపితే పెరుగుతుంది,
ఇంకో వైపు జరిపితే మాయమవుతుంది.
నెత్తురు అక్కడ కాస్త ఎక్కువ పారింది, అంతే.
కోసే చోటికీ దానికీ మధ్య
నా చిటికెనవేలి గోరంత.
హనాన్ కొలిచింది. మళ్ళీ కొలిచింది.
గురువారం మీటింగులో మాట్లాడదాం అంది.

తాయెత్తు కట్టుకోలేదు, జేబులో వేసుకున్నాడు.
కారిడార్లో గోడవైపు తిరిగి ఇంటికి ఫోన్ చేశాడు.
కుంటి పిల్ల ఎట్లుందని మొదట.
ఆ తర్వాత గొంతు తగ్గించి
"బిడ్డా, ఇన్నొద్దులు నెట్ వోయిందని అంటుంటి గదా..."

లోపల తర్వాతి పేషెంటు గడియారం విప్పుతున్నాడు.
తలుపు మూశాను.